వరద పనిలో ఉన్నవాళ్లు లీడర్‌షిప్ పీజీ చేయడం ఎలా

వానలు తగ్గి, సామాన్లన్నీ గోదాములో సర్దేశాక నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, రిలీఫ్ పనోళ్లకు ఏదో పీజీ కోర్సు ఉందంట గదా, ఎట్ల చెయ్యాలె? మనసొంటోళ్లకు సీటిస్తరా?" అడిగేది 108 అంబులెన్సుల్లో పనిచేసే ఈఎంటీలు, స్వచ్ఛంద సంస్థల ఫీల్డ్ కోఆర్డినేటర్లు, బస్తీల్లో రేషన్ కిట్లు మోసిన వాలంటీర్లు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే సంగతులన్నీ ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ కోర్సులు పడవ నడపడం, తాడు కట్టడం, సీపీఆర్ చేయడం నేర్పవు. మీకు కావలసింది అదే అయితే రెడ్‌క్రాస్ ప్రథమ చికిత్స శిక్షణకు వెళ్లండి, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఎన్‌ఐడీఎం నడిపే చిన్న కోర్సులు చూడండి. లీడర్‌షిప్ కోర్సు పని వేరు. సగం సమాచారమే చేతిలో ఉన్నప్పుడు నిర్ణయం తీసుకోవడం, ఎందుకు తీసుకున్నామో చెప్పగలగడం, తప్పయితే ఒప్పుకుని దిద్దుకోవడం, మూడు రోజులు నిద్రలేని టీమ్‌ను నాలుగో రోజు కూడా కలిపి ఉంచడం. ఇవి కావాలనిపిస్తే చదవండి.

దగ్గర పెట్టుకోవలసినవి

పాస్‌పోర్టు, టెన్త్ మెమో, డిగ్రీ మార్కుల కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ లేదా ఒరిజినల్ డిగ్రీ. పనిచేసిన ప్రతి చోటి నుంచీ అనుభవ పత్రం. విదేశీ కోర్సయితే ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లిషు పరీక్ష స్కోరు. అది రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా రాయకండి. కోర్సు నడిచినన్నాళ్లూ వారానికి 10 నుంచి 12 గంటల ఖాళీ. ఒక 200 పేజీల నోటుబుక్. ఈ చివరిదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నేను మాత్రం దానితోనే మొదలుపెట్టిస్తాను.

1. నిర్ణయాల నోటుబుక్ ఈ రోజే తెరవండి

దరఖాస్తులో, ఇంటర్వ్యూలో, కోర్సు అసైన్‌మెంట్లలో అడిగేది తిప్పి తిప్పి ఒక్కటే: మీరు ఏ నిర్ణయం తీసుకున్నారు, ఎందుకు? మనకేమో ఎంత పంచామో గుర్తుంటుంది, ఎందుకలా పంచామో గుర్తుండదు.

ప్రతి ఘటనకూ ఒక పేజీ కేటాయించండి. తేదీ, వేళ. అప్పటికి నాకు తెలిసినదేమిటి, తెలియనిదేమిటి. ఏ దారులున్నాయి, ఏది ఎంచుకున్నాను. ఎవరు వద్దన్నారు. తర్వాత ఏం జరిగింది.

పాత ఘటనలకు వాట్సాప్ గ్రూపే మీ సాక్షి. మీ టీమ్ గ్రూపులో ఆ రోజు మెసేజీల దాకా వెనక్కి వెళ్లండి, వేళలతో సహా దొరుకుతాయి. జ్ఞాపకం మీద మాత్రం ఆధారపడకండి. నా విషయంలోనే, మధ్యాహ్నం తీసుకున్నాననుకున్న ఒక నిర్ణయం నిజానికి రాత్రి 9 దాటాక తీసుకున్నదని ఆ మెసేజీలు చూశాకే తెలిసింది. ఆ ఏడెనిమిది గంటల ఆలస్యమే అసలు నేర్చుకోవలసిన పాఠం.

జాగ్రత్త: బాధితుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు ఈ పుస్తకంలో రాయొద్దు. "రెండో గల్లీలో ఉండే ఒక తల్లి" అంటే చాలు.

సరిచూసుకోవడం: పది పేజీలు నిండాక ఒకసారి లెక్కపెట్టండి. మీ నిర్ణయం తప్పయిన పేజీలు కనీసం మూడు ఉండాలి. ఒక్కటీ లేకపోతే మీరు నిజం రాయడం లేదు, మళ్లీ మొదటి నుంచి రాయండి.

2. కోర్సు ఎంచుకోండి

పేరు చూసి కాదు, మీ పని చూసి ఎంచుకోండి.

ఉద్యోగం వదలకుండా లీడర్‌షిప్ మీదే చదవాలంటే ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయం, సేవ్ ద చిల్డ్రన్ ఆస్ట్రేలియా కలిసి నడిపే సెంటర్ ఫర్ హ్యుమానిటేరియన్ (అంటే మానవతా సహాయ) లీడర్‌షిప్ వాళ్ల గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఉంది. పూర్తి మాస్టర్స్ కంటే చిన్నది, రంగంలో పనిచేస్తున్నవాళ్ల కోసమే తయారుచేసింది. జెనీవాలో అక్కడి విశ్వవిద్యాలయం, గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ కలిసి నడిపే హ్యుమానిటేరియన్ స్టడీస్ సెంటర్‌లో చిన్న సర్టిఫికెట్ నుంచి మాస్టర్స్ దాకా ఉన్నాయి. వైద్య సహాయంలో ఉన్నవాళ్లు ఎంఎస్‌ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) సంస్థ మాంచెస్టర్ విశ్వవిద్యాలయం, లివర్‌పూల్ ట్రాపికల్ మెడిసిన్ స్కూలుతో కలిసి పెట్టిన లీప్ కార్యక్రమం గురించి చదవండి. రెండేళ్లు పూర్తిగా చదువుకే ఇవ్వగలిగితే యూరప్ విశ్వవిద్యాలయాలు కలిసి మానవతా సహాయం మీద నడిపే నోహా మాస్టర్స్ ఉంది.

దేశంలోనే చదవాలంటే ముంబయిలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో జంషెట్‌జీ టాటా స్కూల్ ఆఫ్ డిజాస్టర్ స్టడీస్ ఉంది. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. ఇల్లు కదలలేనివాళ్లకు ఇగ్నోలో విపత్తు నిర్వహణ పీజీ డిప్లొమా దూరవిద్యలో ఉంది. ఇవి లీడర్‌షిప్ కన్నా విపత్తు నిర్వహణను ఎక్కువగా నేర్పుతాయి. ఆ లోటు ఎలా పూడ్చుకోవాలో ఏడో మెట్టులో చెబుతాను.

డిగ్రీ లేనివాళ్లు ఇక్కడే ఆగిపోకండి. కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలు ఏళ్ల తరబడి చేసిన పనిని డిగ్రీకి బదులుగా పరిగణిస్తాయి. ప్రవేశాల విభాగానికి మీ అనుభవం రెండు పేరాల్లో మెయిల్ చేసి అడగండి. జవాబు మెయిల్లోనే తీసుకోండి, ఫోన్లో చెప్పిన మాట తర్వాత అక్కరకు రాదు.

రెండు పెద్ద తప్పులు ఇక్కడే జరుగుతాయి. మొదటిది: ప్రమోషన్ కోసం, ప్రభుత్వ ఉద్యోగం కోసం ఆన్‌లైన్ విదేశీ సర్టిఫికెట్ చేయడం. డబ్బు కట్టకముందే మీ కార్యాలయాన్ని అడగండి, విదేశీ చదువును ఇక్కడి డిగ్రీతో సమానంగా గుర్తించే నిబంధనలు చూడండి. మన దేశపు ఆన్‌లైన్ కోర్సయితే యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఉందో లేదో చూడండి. రెండోది: క్యాలెండర్ చూడకపోవడం. మనకు జూన్ నుంచి అక్టోబరు దాకా ఎప్పుడు పిలుపొస్తుందో తెలియదు. 2000లో హైదరాబాదు ఆగస్టులో మునిగింది, 2020లో అక్టోబరులో. ఆ నెలల్లో పెద్ద అసైన్‌మెంట్ గడువు పడే కోర్సయితే, ఎమర్జెన్సీ వస్తే గడువు పొడిగిస్తారా, ఒక సబ్జెక్టు తర్వాతి విడతకు మార్చుకోవచ్చా అని ముందే రాతపూర్వకంగా అడగండి. పనిలో ఉన్నవాళ్ల కోసమే పెట్టిన కోర్సులకు ఈ ప్రశ్న కొత్త కాదు.

3. కాగితాలు

పేరు దగ్గరే బండి ఆగుతుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, డిగ్రీలో ఇంటిపేరు చివర. మనకది మామూలే, బయటి విశ్వవిద్యాలయానికి మాత్రం ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఉన్నట్టే దరఖాస్తు నింపండి. మిగతా పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి పెట్టుకోండి.

ట్రాన్‌స్క్రిప్టులు, అంటే విశ్వవిద్యాలయం అధికారికంగా ఇచ్చే మార్కుల పత్రాలు, ఉస్మానియావైనా మరోచోటివైనా, కోర్సు ఖరారయ్యేదాకా ఆగకుండా దరఖాస్తు పెట్టేయండి.

అనుభవ పత్రాలే అసలు కష్టం. మన రంగంలో మూడు నెలల కాంట్రాక్టులు, వోచర్ మీద ఇచ్చే గౌరవ వేతనాలు, ప్రాజెక్టు అయిపోగానే మూతపడే ఆఫీసులు. నేను రెండేళ్లు పనిచేసిన ఒక సంస్థ మూతపడ్డాక పత్రం ఇచ్చేవాళ్లే లేకుండా పోయారు. అందుకని ప్రతి పని ముగిసిన వారంలోనే పత్రం తీసుకోండి. అందులో మొదలైన తేదీ, ముగిసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, మీ కింద ఎంతమంది, ఎంత డబ్బుకు మీరు బాధ్యులు, ఈ ఐదూ ఉండాలి. "చాలా కష్టపడి పనిచేశారు" అన్న వాక్యం ఉన్నా లేకపోయినా ఒకటే. పత్రం ఇచ్చేవాళ్లు లేకుంటే అప్పటి పైఅధికారి వ్యక్తిగతంగా సంతకం చేసిన లేఖ, బ్యాంకు స్టేట్‌మెంట్లో జీతం పడిన వరుసలు జతచేయండి.

4. స్టేట్‌మెంట్

స్టేట్‌మెంట్ అంటే ఈ కోర్సు ఎందుకో మీ మాటల్లో రాసి దరఖాస్తుతో పంపే వ్యాసం. ఎక్కువమంది దరఖాస్తులు ఇక్కడే వెనక్కి వస్తాయి. కన్సల్టెన్సీలకు ఇంజినీరింగ్ ఎంఎస్ తెలుసు, మన పని తెలియదు. వాళ్లిచ్చే నమూనా "చిన్నప్పటి నుంచీ సేవ అంటే నాకు ప్రాణం" అని మొదలవుతుంది. అలాంటివి చదివేవాళ్లకు రోజుకు ఎన్నో వస్తాయి.

ముందు తెలుగులో రాయండి. ఇంకా మంచిది, నోటుబుక్‌లోని ఒక పేజీ తెరిచి, తోటి ఉద్యోగికి చెబుతున్నట్టు ఫోన్లో వాయిస్ నోట్ రికార్డు చేసి, దాన్ని కాగితం మీద పెట్టండి. ఇంగ్లిషులోకి ఆ తర్వాతే.

తేడా చూడండి. నా మొదటి చిత్తుప్రతిలో ఇలా ఉండేది: "హైదరాబాదు వరదల్లో మా సంస్థ వందలాది కుటుంబాలకు రేషన్ కిట్లు పంపిణీ చేసింది. ఈ అనుభవం నాలో నాయకత్వ లక్షణాలు పెంచింది."

చివరికి పంపింది ఇది: "2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగాక నా దగ్గర 300 కిట్లు, ఇళ్ల జాబితా ఉన్నాయి. జాబితా ప్రకారం ఇంటికొకటి. కానీ ఒక్కో ఇంట్లో కిరాయికున్న కుటుంబాలు రెండో మూడో ఉన్నాయి. ఇంటికి కాదు, పొయ్యికొకటి ఇవ్వాలని నిర్ణయించాను. కిట్లు చాలవు కాబట్టి ఒక్కోదాన్ని రెండు చేశాను. ఆఫీసు వద్దంది. ఆ రాత్రి కిరాయిదారుల పిల్లలకు కూడా అన్నం ఉడికింది. అయితే ఈ లెక్క ఎవరికీ ముందుగా చెప్పలేదు. రెండో గల్లీలో ఇంటి యజమానులు, కిరాయిదారులు కొట్టుకునే దాకా వచ్చింది. మర్నాడు మసీదు మైకులో ఉర్దూలో నియమం చదివించాకే పంపిణీ మొదలుపెట్టాను. నియమం సరైనదే అయినా, ముందు చెప్పకపోవడం నా తప్పు."

ఇందులో గొప్పలు లేవు. తెలిసింది, తెలియనిది, ఎంచుకున్నది, చెల్లించిన మూల్యం ఉన్నాయి. అంతే కావాలి.

సరిచూసుకోవడానికి మూడు పద్ధతులు. "మేము" అన్న ప్రతిచోటా గీత గీయండి. మీరు ఒక్కరే చేసిన పని దాని వెనక దాక్కుని ఉంటే "నేను" అని మార్చండి, టీమ్ చేసినదాన్ని మాత్రం లాక్కోకండి. ఆ రోజు మీతో ఉన్న మనిషికి చదివి వినిపించండి, "అవును, గిట్లనే అయింది" అనాలి. మూడోది, సంస్థ పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా స్టేట్‌మెంట్ సరిపోతుంటే అది మీది కాదు.

ఎవరిదో తీసుకుని మార్చడం, యంత్రంతో రాయించి పంపడం చేయకండి. విశ్వవిద్యాలయాలు కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్ వాడతాయి. అది అలా ఉంచితే, ఆ రాత్రి గల్లీలో నిలబడింది మీరు, మీకంటే బాగా ఎవరు చెబుతారు?

5. సిఫారసు లేఖలు

కార్పొరేటర్, ఎమ్మెల్యే, సంస్థ చైర్మన్ల లెటర్‌హెడ్ బరువనుకుంటాం. మీరు నిర్ణయం తీసుకోవడం కళ్లారా చూసిన మనిషి రాసిన అరపేజీ అంతకంటే బరువు. సంస్థ అధికారిక మెయిల్ నుంచి పంపమనండి. నోటుబుక్‌లోని రెండు ఘటనలు వాళ్లకు గుర్తుచేయండి, లేఖ మాత్రం మీరు రాసివ్వకండి. గడువుకు నెల ముందు అడగాలి.

6. డబ్బు

విదేశాల్లో పూర్తికాలం మాస్టర్స్ చేసేవాళ్లకు తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలున్నాయి: ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట. సాయం 20 లక్షల రూపాయల దాకా. ఆదాయ, వయోపరిమితులూ దేశాల జాబితా ఉంటాయి కాబట్టి ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో ఆ ఏటి ప్రకటన చూసి మీ కోర్సు వస్తుందో లేదో తేల్చుకోండి. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కు అక్కడి ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ ఉంది. దానికి 2,800 గంటల పని అనుభవం చూపాలి, స్వచ్ఛంద సేవ కూడా లెక్కకొస్తుంది. మూడో మెట్టులో గంటలు రాయించమన్నది ఇందుకే. చదువయ్యాక దేశానికి తిరిగి వచ్చి కనీసం రెండేళ్లు ఉండాలన్న షరతు దీనికుంది.

పార్ట్‌టైం, ఆన్‌లైన్ కోర్సులకు ఇవి పనికిరావు. వాటికి కోర్సువాళ్లు ఇచ్చే ఫీజు రాయితీనే అడగాలి, మీ సంస్థ శిక్షణ బడ్జెట్‌నూ అడగాలి. అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వరు. ఫీజు డాలర్లలో ఉంటే ఈ రోజు రూపాయి విలువకు పదో వంతు కలిపి లెక్క వేసుకోండి.

7. సీటు వచ్చేలోపు ఇక్కడే ఒక సిమ్యులేషన్ చేయండి

మంచి లీడర్‌షిప్ కోర్సుల్లో కల్పిత ఎమర్జెన్సీలోకి మిమ్మల్ని తోసి, గంట గంటకూ కొత్త చిక్కు పెట్టి, మీరెలా నడుచుకుంటారో చూసే రోజులుంటాయి. నాకు బాగా ఉపయోగపడింది అదే. దాన్ని చిన్న స్థాయిలో మీరే చేసుకోవచ్చు. ఇగ్నో లాంటి దూరవిద్య చేసేవాళ్లు తప్పకుండా చేయాలి.

కావలసినవి: ఆరుగురు, ఒక గది, నాలుగు గంటలు, గోడకు అంటించే పెద్ద కాగితాలు, పది కవర్లు. ఒకరు నడిపించేవాళ్లు, కవర్లలో ఏముందో వాళ్లకొక్కరికే తెలుసు. ఒకరు పక్కన కూర్చుని ఎవరు ఏ నిమిషంలో ఏమన్నారో రాస్తారు. మిగతా నలుగురు టీమ్.

జాగ్రత్త, ఇది గట్టిగా చెబుతున్నాను: ప్రతి మెసేజీ, ప్రతి ఫోను "ఇది ప్రాక్టీస్" అనే మాటతో మొదలై అదే మాటతో ముగియాలి. మెసేజీలు గది బయటి గ్రూపుల్లోకి పోకూడదు. మూసీ ఒడ్డున ఉండేవాళ్లకు గేట్లెత్తారన్న పుకారు ఆట కాదు.

కథ ఇలా పెట్టండి: ఉదయం 6 గంటలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్ నుంచి 400 మంది ఒక స్కూలుకు వస్తున్నారు. 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ బస్టాండులోకి మూసీ నీళ్లొచ్చిన రాత్రి చూసినవాళ్లకు ఇది ఊహలా అనిపించదు.

ఇరవై నిమిషాలకొక కవరు తెరవండి. మొదటి కవరు: స్కూల్లో ఎనిమిది గదులు, ఒక్కోటి 6 మీటర్లు పొడవు, 6 మీటర్లు వెడల్పు, మరుగుదొడ్లు ఆరు. టీమ్ లెక్క చేయాలి. సహాయ పనికి అంతర్జాతీయ ప్రమాణాలు చెప్పే స్ఫియర్ హ్యాండ్‌బుక్ ఉచితంగా దొరుకుతుంది, అందులోని కనీస ప్రమాణాలు పక్కన పెట్టుకోండి: మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, 250 మందికి ఒక కుళాయి. గదులన్నీ కలిపి 288 చదరపు మీటర్లు, అంటే 82 మందికే చోటు. నీళ్లు రోజుకు 6,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్ ఒక్కటి చాలదు. మరుగుదొడ్లు 20 కావాలి. లెక్క తేలాక టీమ్ ముందున్నది అసలు ప్రశ్న: 82 మందిని ఉంచి మిగతావాళ్లను ఎక్కడికి పంపుతారు? అందరినీ కుక్కి ఒప్పుకుంటారా? అయితే ఎన్ని గంటలకు?

మిగతా కవర్లకు నేను వాడేవి కొన్ని. ఒక స్థానిక నాయకుడు తన ఫొటో ఉన్న సంచుల్లోనే కిట్లు ఇవ్వాలంటాడు, కాదంటే లారీ కదలనివ్వనంటాడు. దాతల ఆఫీసు నుంచి ఏడుస్తున్న పిల్లల ఫొటోలు అరగంటలో కావాలని ఫోను. నిర్మాణ పనికి వచ్చిన ఒడియా కుటుంబాలు ఒక మూల కూర్చున్నాయి, వాళ్ల భాష టీమ్‌లో ఎవరికీ రాదు. టీమ్‌లోనే ఒకరి ఇల్లు మునుగుతోంది. ఒక మహిళ వచ్చి, రేషన్ రాసుకునే వాలంటీరు రాత్రిపూట తనకు ఫోన్ చేస్తున్నాడని చెబుతుంది.

ఈ చివరి కవరు తప్పకుండా పెట్టండి. ఎక్కువ టీమ్‌లు "తర్వాత విచారిద్దాం" అంటాయి. సరైన పని వెంటనే చేయాలి: ఆ వాలంటీరును పంపిణీ నుంచి తప్పించాలి, ఆమె చెప్పింది నలుగురి ముందు తిరగదోడకూడదు, ఆమెకు ఏం కావాలో ఆమెనే అడగాలి, సంస్థలో ఫిర్యాదులు చూసేవాళ్లకు అదే రోజు చేర్చాలి. ఆ చూసేవాళ్లెవరో మీ టీమ్‌లో ఎవరికీ తెలియదని బయటపడితే, ఆ నాలుగు గంటలూ సార్థకమైనట్టే.

అయ్యాక గంటసేపు మాట్లాడుకోండి. నాలుగు ప్రశ్నలే: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, రేపు ఏం మారుస్తాం. "నువ్వు తప్పు చేశావు" అనే మాటకు చోటివ్వొద్దు. అందరికంటే చిన్న ఉద్యోగి ముందు మాట్లాడాలి. పెద్దవాళ్లు మొదలుపెడితే తక్కినవాళ్లు "అవును సార్" అని ఊరుకుంటారు.

ఫలితం చూసుకోవడం ఇలా: పక్కన రాసిన కాగితం తీసి, ప్రతి కవరుకూ నిర్ణయం రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, "ఇది నా నిర్ణయం" అని ఎవరైనా పైకి అన్నారో లేదో చూడండి. ఎవరూ అనకుండా జరిగిపోయిన నిర్ణయాల చుట్టూ ఎర్ర గీత గీయండి. నెల తర్వాత వేరే కథతో, నాయకుడిని మార్చి మళ్లీ చేయండి. ఎర్ర గీతలు తగ్గాలి.

8. కోర్సు మొదలయ్యాక

క్లాసుల వేళలు మన గడియారంలోకి మార్చి గోడమీద రాసుకోండి. మెల్‌బోర్న్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు, వాళ్ల వేసవిలో ఐదున్నర. ఆ మార్పు మరిచిపోయి నేను మొదటి అక్టోబరు క్లాసు పోగొట్టుకున్నాను.

అసైన్‌మెంట్‌కు అంశం బయట వెతకకండి, నోటుబుక్ ఉంది. సిద్ధాంతం ఏది చదివినా ఒక పేజీ తీసి, "ఇది ముందే తెలిస్తే ఆ రోజు వేరేగా చేసేదాన్నా?" అని రాయండి. మార్కులు దానికే వస్తాయి. ఫొటోలు పెట్టాలనిపిస్తే ముఖాలు కనిపించనివి, అనుమతి ఉన్నవి మాత్రమే.

క్లాసులో వేరే దేశాల వాళ్లు ధారాళంగా మాట్లాడుతుంటే మనవాళ్లు ముడుచుకుపోతారు. మీ మాట ముందుగానే రెండు వాక్యాలు రాసిపెట్టుకుని, మొదటి పది నిమిషాల్లో చెప్పేయండి. ఆలస్యమైతే ధైర్యం తగ్గుతుంది.

సర్టిఫికెట్ వచ్చిన మూడు నెలలకు చివరి పరీక్ష. మీ టీమ్‌లో అందరికంటే కొత్తగా చేరిన మనిషిని టీకి పిలిచి, గత వారం పనిలో మీరు తీసుకున్న ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నారో చెప్పమనండి. కారణం చెప్పగలిగితే, దానితో తను ఒప్పుకోలేదని కూడా మీ ముందే అనగలిగితే, కోర్సు పనిచేసింది. "మీరు చెప్పారు గదా అక్కా, అందుకే" అంటే నోటుబుక్‌లో కొత్త పేజీ తెరవండి.